"వాళ్ల గేములంటే ఇంతే" అనే మాట వెనక

2023 అక్టోబరు 24న 'సిటీస్: స్కైలైన్స్ 2' విడుదలైంది. నగరం కట్టే ఆట అది. ఆకాశంలోంచి చూస్తున్నట్టు మనం రోడ్లు వేస్తాం, కరెంటు లాగుతాం, బస్సులు తిప్పుతాం. కింద వేలమంది జనం చీమల్లా తిరుగుతుంటారు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులున్న కంప్యూటర్లలో కూడా ఆ గేమ్ ఈడ్చుకుంటూ నడిచింది. ఎందుకలా అని కొందరు లోపలికి తొంగి చూస్తే, ఆ చీమల్లాంటి మనుషుల నోట్లో పళ్లు కనిపించాయి. శ్రద్ధగా చెక్కిన త్రీడీ పళ్లు. దూరం నుంచి కనిపించే బొమ్మకి తేలికపాటి నమూనా ఒకటి తయారు చేసి పెట్టుకోవడం, కెమెరా వెనక్కి జరగ్గానే బరువైనది తీసి ఆ తేలికది పెట్టడం గేమ్ తయారీలో ఓనమాల్లాంటివి. ఇక్కడి మనుషులకి ఆ తేలిక నమూనాలే లేవు. దాంతో నోరు తెరవని, అసలు మొహమే ఆనని మనిషి పళ్లు గీయడానికి కూడా కార్డు చాకిరీ చేసింది. గేమ్ నెమ్మదించడానికి ఉన్న అనేక కారణాల్లో ఇదొకటి మాత్రమే. కానీ ఆ గేమ్ ఏ స్థితిలో బయటికొచ్చిందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఆ గేమ్‌ని పబ్లిష్ చేసింది పారడాక్స్ అనే కంపెనీ. అప్పుడు బాగా వినబడిన మాట: "పారడాక్స్ వాళ్ల గేములంటే ఇంతే కదా, తెలిసి ఎందుకు కొన్నారు?"

ఈ మాటలో రెండు వాదాలు కలిసిపోయి ఉన్నాయి. పబ్లిషర్‌కి చెడ్డపేరు ఉంది కాబట్టి ఈ గేమ్ కూడా పాడుగానే వస్తుందన్నది మొదటిది. ఆ పేరు అందరికీ తెలుసు కాబట్టి కొన్నవాళ్లదే బాధ్యత అన్నది రెండోది. మొదటిదాంట్లో కొంత నిజముంది. రెండోది ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ "పేరు" ఎలా పుడుతుందో, ఎవరికి అంటుకుంటుందో చూడాలి.

పారడాక్స్ ఇంటరాక్టివ్ స్టాక్‌హోమ్ కంపెనీ. కొన్ని గేములు సొంత స్టూడియోల్లో తయారుచేస్తుంది, కొన్ని వేరే స్టూడియోలు చేస్తే పబ్లిష్ చేస్తుంది. 2009లో వచ్చిన 'హార్ట్స్ ఆఫ్ ఐరన్ 3' విడుదలనాటికి బగ్గులమయం, అంటే ప్రోగ్రాంలో తప్పుల పుట్ట. 2011 జనవరిలో యారోహెడ్ అనే చిన్న స్టూడియో చేసిన 'మ్యాజికా'ని పబ్లిష్ చేసింది. అదీ క్రాష్ అవుతూనే వచ్చింది. ఆ కుర్రాళ్లు దాదాపు రోజుకో ప్యాచ్ (తప్పులు సరిచేసే అప్‌డేట్) చొప్పున వారాల తరబడి రిపేర్లు చేసి, చివర్లో 'మియా కల్పా' పేరుతో ఉచితంగా ఒక చిన్న తోడుప్యాక్ ఇచ్చారు. లాటిన్‌లో ఆ మాటకి "తప్పు నాదే" అని అర్థం. అందులో ఆటగాళ్లకిచ్చిన వస్తువుల్లో ఒక విరిగిన కత్తి కూడా ఉంది. అదే ఏడాది అక్టోబరులో 'స్వోర్డ్ ఆఫ్ ది స్టార్స్ 2' ఇంకా ఘోరంగా వచ్చింది. కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

కథ అక్కడితో ఆగి ఉంటే ఆ పేరు మీద చర్చే అక్కర్లేదు. 2012 ఫిబ్రవరిలో 'క్రూసేడర్ కింగ్స్ 2' బాగానే నడిచే స్థితిలో వచ్చింది. 2015 మార్చిలో మొదటి 'సిటీస్: స్కైలైన్స్' వచ్చి జనాన్ని కట్టిపడేసింది. మచ్చ మాసిపోయిందనుకునే వేళకి 2021 ఏప్రిల్లో 'యూరోపా యూనివర్సాలిస్ 4'కి 'లెవాయథన్' అనే అదనపు భాగం వచ్చింది. పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో అన్నిటికన్నా తక్కువ రేటింగ్ ఉన్నవాటి సరసన చేరింది. ఆ తర్వాత 2023 పళ్ల కథ. ఇదంతా వరసపెట్టి చూస్తే "ఎప్పుడూ ఇంతే" అనలేం, "ఎప్పుడో ఒకసారి" అని కొట్టిపారేయనూలేం. కొనేవాడికి పనికొచ్చేది ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది.

పైగా 'సిటీస్: స్కైలైన్స్ 2' తయారుచేసింది పారడాక్స్ కాదు, ఫిన్లాండ్‌లోని కొలాసల్ ఆర్డర్. చిన్న స్టూడియో. కోడ్ రాసింది వాళ్లు. డబ్బు పెట్టింది, ప్రచారం చేసింది, తేదీని నిలబెట్టింది పబ్లిషర్. విడుదలకి కొద్దిరోజుల ముందు "అనుకున్న పనితీరు అందుకోలేకపోయాం" అని వాళ్లే చెప్పారు. కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి గేమ్ యంత్రం) వెర్షన్లను వాయిదా వేశారు. పీసీ వెర్షన్‌ని మాత్రం చెప్పిన రోజుకే వదిలారు. మరి ఇది ఎవరి బగ్? కోడ్‌లో తప్పు స్టూడియోది. ఆ తప్పుతోనే డబ్బు తీసుకుందామన్నది వ్యాపార నిర్ణయం. మనం "బగ్గుల గేమ్" అని తిట్టేది చాలాసార్లు ఈ రెండోదాన్నే.

ఇలాంటి ముడి ఇంకోటుంది. 2010లో వచ్చిన 'ఫాలవుట్: న్యూ వెగాస్'ని అబ్సిడియన్ స్టూడియో సుమారు పద్దెనిమిది నెలల్లో తయారుచేస్తే బెథెస్డా పబ్లిష్ చేసింది. అంత పెద్ద ఆటకి అది చాలా తక్కువ వ్యవధి. ఆట మొదలవగానే వైద్యుడి తల మెడ మీద గిర్రున తిరిగే వీడియో అప్పట్లో అందరూ చూశారు. రివ్యూల మార్కుల సగటు కట్టే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే స్టూడియోకి బోనస్ అని ఒప్పందం ఉందనీ, 84 దగ్గర ఆగిపోయిందనీ తర్వాత స్టూడియో వాళ్లే బయటపెట్టారు. చాలా రివ్యూలు ఆ గేమ్ కథని మెచ్చుకుంటూనే బగ్గుల్ని ఎత్తిచూపాయి. అబ్సిడియన్‌కి బగ్గుల పేరుంది, బెథెస్డాకీ ఉంది. ఒకే గేమ్ ఇద్దరి ఖాతాలోనూ పడింది.

తెలిసే వదిలే బగ్గులు

బయటివాళ్లకి ఒక అపోహ ఉంటుంది: "ఇంత పెద్ద బగ్ వాళ్లకి కనపడలేదా? టెస్టింగే చేయలేదా?" సాధారణంగా కనపడుతుంది. టెస్టర్లు వేల కొద్దీ బగ్గులు నమోదు చేస్తారు. ఏ మెట్టు దగ్గర, ఏ ఆయుధం చేతిలో ఉండగా, ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు జరిగిందో వీడియోతో సహా రాసి పెడతారు. తర్వాత ఒక గదిలో కూర్చుని ఒక్కోదానికీ విలువ కడతారు: గేమ్ ఆగిపోతుందా, ముందుకి వెళ్లడానికి వీల్లేకుండా పోతుందా, కంటికి వికారంగా ఉంటుందా, ఎవరూ గమనించరా. విడుదల దగ్గరపడేకొద్దీ ఒకటి బాగుచేయబోతే ఇంకోటి విరుగుతుంది. అందుకే కొన్నిటిని కదపకుండా వదిలేస్తారు. వాటికి ఆ పరిశ్రమలో ఒక పేరే ఉంది, "నోన్ షిప్పబుల్". అంటే తెలిసినదే, అయినా పంపవచ్చు అని.

ఇది తప్పని నేననను. ఏ బగ్గూ లేని పెద్ద గేమ్ ఇంతవరకూ రాలేదు. వందల వ్యవస్థలు ఒకదానితో ఒకటి ముడిపడి నడిచే ఆటలో అన్ని కలయికల్నీ పరీక్షించడం ఎవరి తరమూ కాదు. ఏ బగ్గుల్ని వదలొచ్చు అన్న గీత ఎక్కడ గీస్తారన్నదే అసలు విషయం. ఆ గీతని ముందుకీ వెనక్కీ జరిపేది తేదీ. పండగ సీజన్ అమ్మకాలు, మార్చితో ముగిసే ఆర్థిక సంవత్సరం, ముందే కొనిపెట్టిన ప్రకటనలు అన్నీ ఆ తేదీని పట్టుకుని వేలాడుతుంటాయి.

గేముల్ని చిప్ ఉన్న డబ్బీల్లో అమ్మిన క్యాట్రిడ్జ్‌ల రోజుల్లో ఆ గీత కఠినంగా ఉండేది. చిప్‌లోకి వెళ్లిన తప్పు చిప్‌లోనే ఉండిపోయేది, వెనక్కి పిలిచే దారి లేదు. అప్పుడు చెత్త గేములు రాలేదా అంటే వచ్చాయి. 1982లో అటారీ గేమ్ యంత్రం కోసం 'ఈ.టీ.'ని ఒక్క ప్రోగ్రామర్ సుమారు ఐదు వారాల్లో పూర్తిచేయాల్సి వచ్చింది. అమ్ముడుపోని సరుకుని న్యూ మెక్సికోలో గొయ్యి తీసి పూడ్చారు. 2014లో తవ్వితే ఆ క్యాట్రిడ్జ్‌లు నిజంగానే బయటపడ్డాయి. కానీ అప్పట్లో చెత్త గేమ్ వదిలితే ఆ నష్టం అమ్మినవాడికి అంటుకునే ఉండేది. ఇంటర్నెట్ వచ్చి ప్యాచ్ అనేది సులువయ్యాక ఆ నష్టంలో కొంత కొన్నవాడి వైపుకి జరిగింది. మొదటి నెలలో కొన్నవాళ్లు పూర్తి ధర కట్టి టెస్టర్ల పని చేస్తారు. ఏడాది తర్వాత కొన్నవాళ్లు తక్కువ ధరకి బాగుపడిన గేమ్ ఆడతారు. ముందుగా నమ్మినవాళ్లకి చెడ్డ సరుకు, నమ్మనివాళ్లకి మంచి సరుకు దక్కే బేరం ఇది. నాకు మొదటి నుంచీ మింగుడుపడనిది ఇదే.

మంచిపేరు కూడా మోసం చేస్తుంది

చెడ్డపేరుని చూసి జాగ్రత్తపడమనేవాళ్లు ఒకటి మర్చిపోతారు. ఈ మధ్యకాలంలో ఆటగాళ్లకి అందరికన్నా పెద్ద దెబ్బ తగిలింది మంచిపేరున్న కంపెనీ చేతిలోనే.

పోలాండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ 2015లో 'ది విచర్ 3'తో జనం గుండెల్లో చోటు సంపాదించింది. 'సైబర్‌పంక్ 2077' మొదటి టీజర్‌లో "సిద్ధమైనప్పుడు వస్తుంది" అని రాసింది. కొనేవాళ్లకి అంతకన్నా ఇంపైన మాట ఉంటుందా? 2020లో విడుదల తేదీ ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకి, అక్కణ్ణుంచి నవంబరుకి, చివరికి డిసెంబరు 10కి జరిగింది. సుమారు 80 లక్షల ప్రీ-ఆర్డర్లు (విడుదలకి ముందే కొనడాలు) పడ్డాయి. రివ్యూ చేసేవాళ్లకి ముందుగా పీసీ వెర్షన్ మాత్రమే ఇచ్చారు. తాము ఆడిన దృశ్యాల్ని చూపించకూడదు, కంపెనీ ఇచ్చిన వీడియోలే వాడాలన్న షరతు పెట్టారు. పాత కన్సోళ్ల మీద గేమ్ ఎలా నడుస్తుందో విడుదల రోజుదాకా బయటివాళ్లెవరికీ తెలియలేదు. ప్లేస్టేషన్ 4 మీద అది ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ని తీసేసి, అడిగినవాళ్లకి డబ్బు వాపసిచ్చింది. మళ్లీ 2021 జూన్‌లోగానీ పెట్టలేదు. అయినా విడుదలైన పది రోజుల్లో 1.3 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అచ్చం అదే. ఆ 80 లక్షల మందిని "తెలిసి కొన్నారు" అనగలమా? వాళ్లకి తెలిసింది ఐదేళ్లనాటి మంచి పేరు. తెలియనివ్వకుండా దాచింది అప్పటి గేమ్ స్థితి.

ఫలానా వేళదాకా రివ్యూలు బయటపెట్టకూడదన్న ఎంబార్గో కూడా ఇలాంటి సాధనమే. 2014లో 'అసాసిన్స్ క్రీడ్: యూనిటీ' అమ్మకాలు అర్ధరాత్రి మొదలైతే, రివ్యూలు బయటపెట్టడానికి అనుమతి మధ్యాహ్నానికి దొరికింది. మొహం మాయమై కనుగుడ్లూ పళ్లూ జుట్టూ మాత్రమే గాల్లో తేలుతున్న మనుషుల బొమ్మలు లోకమంతా తిరిగింది ఆ తర్వాతే. జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు ఉదాహరణతో చెప్పింది ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. సరుకు ఎలాంటిదో అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, మంచి సరుకుకీ చెడ్డ సరుకుకీ ఒకే ధర పడుతుంది. నష్టపోయేది మంచి సరుకు తెచ్చినవాడే. ఓపిగ్గా ఆర్నెల్లు ఆగి గేమ్‌ని బాగుచేసి వదిలిన స్టూడియోకి, ఆగకుండా వదిలిన స్టూడియోకి ప్రీ-ఆర్డర్ రోజున తేడా కనపడదు.

ఎంచుకోవడానికి ఇంకోటి ఉండాలిగా

"నచ్చకపోతే కొనకు" అన్న సలహా నిజంగా పనిచేసిన సందర్భం ఒకటుంది. 2013 మార్చిలో ఈఏ కంపెనీ విడుదల చేసిన 'సిమ్‌సిటీ' కూడా నగరం కట్టే ఆటే. అది ఒంటరిగా ఆడుకోవడానికి కూడా ఆన్‌లైన్ సర్వర్ కావాలంది. సర్వర్లు మొదటిరోజే చేతులెత్తేశాయి. అమెజాన్ కొంతకాలం డౌన్‌లోడ్ వెర్షన్ అమ్మకమే ఆపేసింది. ఈఏ కొన్నవాళ్లకి ఇంకో గేమ్ ఉచితంగా ఇచ్చింది. ఏడాదికిగానీ ఆఫ్‌లైన్‌లో ఆడే వీలు రాలేదు. ఆ ఖాళీలోకే కొలాసల్ ఆర్డర్, పారడాక్స్ అడుగుపెట్టాయి. 2015లో మొదటి 'సిటీస్: స్కైలైన్స్' అంతగా ఆడడానికి దాని మంచితనం ఎంత కారణమో, జనం అప్పటికే విసిగిపోయి ఉండటం అంత కారణం. వెళ్లడానికి ఇంకో చోటు దొరికింది కాబట్టి వెళ్లారు.

దీనికి ఎదురుగా 'పోకెమాన్ స్కార్లెట్', 'వయొలెట్' జంటని చూడండి. 2022 నవంబరు 18న వచ్చాయి. పాత్రలు నేలలోకి దిగబడిపోవడం, దూరంలో నడిచే మనుషులు బొమ్మల పుస్తకంలా కుదుపులతో కదలడం అందరూ చూశారు. ప్యాచ్ ఇస్తూ నింటెండో క్షమాపణ కూడా చెప్పింది. మొదటి మూడు రోజుల్లో కోటి కాపీలు పోయాయి. పోకెమాన్ కావాలనుకున్న పిల్లాడికి వేరే కంపెనీ పోకెమాన్ దొరకదు. స్నేహితులందరూ ఈ వారం ఆడుతుంటే ఆర్నెల్ల తర్వాత ఒక్కడే ఆడుకోవడం వాడికి అదే ఆట కాదు. ఆ అమ్మకాలు చూపించి "జనానికి బగ్గులంటే పట్టింపు లేదు" అనడం అన్యాయం. పట్టింపు ఉన్నా వెళ్లడానికి చోటు లేదు.

ఇక రీఫండ్. స్టీమ్ 2015 జూన్‌లో ఒక పద్ధతి పెట్టింది: కొని పద్నాలుగు రోజులు దాటకుండా, రెండు గంటల లోపు ఆడి ఉంటే కారణం అడక్కుండా డబ్బు వాపసు. అప్పటికి ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఏసీసీసీ స్టీమ్ యజమాని వాల్వ్ మీద వేసిన కేసు నడుస్తోంది. 2016లో కోర్టు వాల్వ్‌ది తప్పని తేల్చి 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆ రీఫండ్ పద్ధతి వచ్చిన మూడు వారాలకే 'బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్' పీసీ వెర్షన్ అధ్వాన్నంగా వచ్చింది. రెండు మూడు రోజుల్లోనే వార్నర్ బ్రదర్స్ దాని అమ్మకం నిలిపేసింది, అక్టోబరు చివరిదాకా మళ్లీ పెట్టలేదు. రీఫండ్ బటన్ ఉన్న లోకం ఎలా ఉంటుందో చూపించిన మొదటి పెద్ద ఘటన అదే అనుకుంటాను.

కానీ రెండు గంటలు దేనికి సరిపోతాయి? 2011లో 'స్కైరిమ్' ప్లేస్టేషన్ 3 వెర్షన్‌లో ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టే సేవ్ ఫైల్ ఆడేకొద్దీ లావెక్కేది, లావెక్కేకొద్దీ గేమ్ నెమ్మదించేది. ఎక్కువ ప్రేమించి ఎక్కువ ఆడినవాళ్లకే ఎక్కువ దెబ్బ. నాకూ ఒక గేమ్‌లో నలభై గంటల సేవ్ ఫైల్ ఒక తలుపు దగ్గర చచ్చిపోయింది. తలుపు తెరిస్తే క్రాష్. వెనక్కి వెళ్లి వేరే దారిన వద్దామంటే ఆటోసేవ్ తలుపు ముందే పడింది. కథలో ఎదుటి పాత్ర "లోపలికి రా" అంటూనే ఉంటుంది, చెయ్యి చాపితే డెస్క్‌టాప్ కనపడుతుంది. వారం పాటు రోజూ సాయంత్రం ప్యాచ్ వచ్చిందేమో చూసి మూసేసేవాణ్ణి. ప్యాచ్ వచ్చేసరికి ఆ కథ మీద మమకారమే చచ్చిపోయింది. అలాంటి నష్టానికి ఏ రీఫండ్ లెక్కలోనూ గడి లేదు.

తర్వాత బాగుచేస్తే తప్పు మాఫీ అవుతుందా అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. 2016లో తిట్లు తిన్న 'నో మ్యాన్స్ స్కై'ని హలో గేమ్స్ ఏళ్ల తరబడి ఉచిత అప్‌డేట్లతో పూర్తిగా మార్చేసింది. 'సైబర్‌పంక్' 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్‌తో నిలబడింది. ఆ పని చేసినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి, అది నిజమైన కష్టం. కానీ ఇవి గెలిచిన కథలు కాబట్టి మనకి గుర్తున్నాయి. 2019లో వచ్చిన 'యాంథెమ్'ని మళ్లీ కొత్తగా కడతామని చెప్పి, 2021 ఫిబ్రవరిలో ఆ పని రద్దు చేశారు. దాన్నీ "తర్వాత బాగుపడుతుందిలే" అనుకునే కొన్నారు జనం. ఏది బాగుపడుతుందో, ఏది అలాగే పోతుందో కొన్న రోజున ఎవరికీ తెలియదు. పూర్తికాని గేమ్‌ని పూర్తికానిదని చెప్పి అమ్మే పద్ధతి ఒకటి ఉండనే ఉంది. 'బాల్డర్స్ గేట్ 3'ని లారియన్ స్టూడియో 2020 అక్టోబరు నుంచి దాదాపు మూడేళ్లు "ఎర్లీ యాక్సెస్" అనే బోర్డు పెట్టే అమ్మింది. 2023 ఆగస్టులో బోర్డు తీసింది. బగ్గులు అప్పుడూ ఉన్నాయి, కానీ కొన్నవాడికి తను ఏం కొంటున్నాడో తెలుసు.

"అందరూ ఆగి కొంటే చిన్న స్టూడియోలు మొదటి నెల్లోనే మూతపడతాయి" అని కొందరంటారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే నేను ఎవర్నీ కొనొద్దని చెప్పను. ముందుగా డబ్బు కట్టొద్దంటాను, అంతే. విడుదలైన రోజు సాయంత్రం కొన్నా అది విడుదల రోజు అమ్మకమే. ఈలోపు మన కంప్యూటర్‌లాంటిదాని మీద ఆడిన నలుగురి మాట చెవిన పడుతుంది. పబ్లిషర్ పేరు కన్నా ఆ నలుగురి మాటే నమ్మదగ్గది.

మళ్లీ ఆ నగరానికే వస్తాను. 'సిటీస్: స్కైలైన్స్ 2' ఇంకా కుదుటపడకముందే, 2024 మార్చి 25న 'బీచ్ ప్రాపర్టీస్' పేరుతో సముద్రతీరపు ఇళ్ల ప్యాక్‌ని డబ్బుకి అమ్మకానికి పెట్టారు. స్టీమ్‌లో దాదాపు అందరూ ఛీకొట్టారు. నెల తిరక్కుండానే స్టూడియో, పబ్లిషర్ కలిసి క్షమాపణ లేఖ రాశాయి. ఆ ప్యాక్‌ని ఉచితం చేశాయి, విడిగా కొన్నవాళ్లకి డబ్బు వాపసిస్తామన్నాయి. గేమ్‌తోపాటు రాబోయే కొన్ని ప్యాక్‌లకీ కలిపి విడుదలకి ముందే డబ్బు కట్టిన అల్టిమేట్ ఎడిషన్ వాళ్లకి మాత్రం ఆ డబ్బు తిరిగిరాలేదు. బదులుగా మరికొన్ని భవనాల ప్యాక్‌లూ, నగరంలో మోగే రేడియో స్టేషన్లూ ఇస్తామని చెప్పారు.